విడిపోతున్నప్పుడు, ఇల్లు కదిలే ముందు

భార్యాభర్తలు విడిపోవాలని నిర్ణయించుకున్నాక మొదట ఎదురయ్యే ప్రశ్న, ఆ ఇంట్లోంచి ఎవరు వెళ్లాలన్నది. మా ఇద్దరిలో వెళ్లినవాణ్ణి నేను. గొడవ జరిగిన రాత్రి కాదు, వెళ్లే షరతులు కాగితం మీదికి వచ్చిన తర్వాతే ఇల్లు కదలాలన్నది నా గట్టి అభిప్రాయం. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంటికి మాత్రం ఈ మాట వర్తించదు; అక్కడ ముందు క్షేమంగా బయటపడాలి, కాగితాలూ సామాన్లూ తర్వాత చూసుకోవచ్చు.

వెళ్లిపోతే ఇంటి మీద హక్కు పోతుందేమోనన్న భయం చాలామందికి ఉంటుంది. సాధారణంగా గడప దాటినంత మాత్రాన యాజమాన్యం మారదు. అయితే తగిన కారణం లేకుండా జీవిత భాగస్వామిని వదిలి వెళ్లడాన్ని కొన్ని చట్టాలు విడాకులకు ఆధారంగా పరిగణిస్తాయి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చేటప్పుడు, అప్పటిదాకా వాళ్ల ఆలనాపాలనా ఎవరు చూస్తున్నారన్నది న్యాయస్థానాలు గమనిస్తాయి. అందుకే ఏ తేదీన, ఏ కారణంతో వెళ్తున్నామో, పిల్లలను ఏయే రోజుల్లో కలుస్తామో రాసుకుని ఇద్దరూ సంతకం చేయడం అవసరం. నేను వెళ్లడం ఇంటి మీద గానీ పిల్లల మీద గానీ నా హక్కులను వదులుకోవడం కాదన్న వాక్యాన్ని మా న్యాయవాది పట్టుబట్టి చేర్పించారు.

డబ్బు విషయం సూటిగానే ఉంటుంది. ఉమ్మడిగా తీసుకున్న ఇంటి అప్పు వాయిదా ఎవరు కట్టాలో మనం ఏం మాట్లాడుకున్నా, బ్యాంకు ఇద్దరినీ బాధ్యులుగానే చూస్తుంది. అద్దె ఒప్పందంలో పేరున్న వ్యక్తి ఇల్లు మారినా, ఆ ఒప్పందం ముగిసేవరకో మార్చుకునేవరకో బాధ్యత కొనసాగుతుంది.

సామాన్ల దగ్గరే అసలు నలుగుబాటు. ప్రతి వస్తువునూ చెరిసగం పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది కానీ, అలా చేస్తే పిల్లలకు మిగిలేవి రెండు సగం ఇళ్లు. వాళ్లు రోజూ తాకే వస్తువులను ఉన్నచోటనే ఉంచాలని మేము అనుకున్నాం. నా బట్టలు, పుస్తకాలు, చదువు పత్రాలు, పాస్‌పోర్టు, ఆస్తి కాగితాల నకళ్లు తీసుకున్నాను. భోజనాల బల్లను కదపలేదు. కదిలే ముందు గదులన్నీ వీడియో తీసి, తీసుకెళ్తున్న వాటి జాబితాను పిల్లల తల్లికి ఇచ్చాను. తర్వాత రాగల ఎన్నో అనుమానాలకు అదే జవాబు.

పిల్లలకు ఈ సంగతి ఇద్దరూ కలిసి కూర్చుని, కొన్ని రోజుల ముందే చెప్పాలి. ఎవరిది తప్పన్న చర్చ వాళ్లకు అక్కరలేదు; బడి మారుతుందా, నాన్న ఎక్కడ పడుకుంటాడు, మళ్లీ ఎప్పుడు వస్తాడు అన్నవే వాళ్ల ప్రశ్నలు. "నీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" అని మా అమ్మాయి అడిగింది. ఎవరికి కావాలంటే వాళ్లు కూర్చోవచ్చని వాళ్ల అమ్మ చెప్పింది. ఆ జవాబుకు నేను ఇప్పటికీ ఆమెకు కృతజ్ఞుణ్ణి. కొత్త ఇంట్లో నా సామాను సర్దుకోకముందే పిల్లల పక్కలు, రాత్రి బట్టలు, పళ్ల బ్రష్షులు అమర్చాను, ఎందుకంటే సంచితో వచ్చి సంచితో వెళ్లే పిల్లలు తండ్రి ఇంట్లో అతిథులవుతారు.

1967లో అమెరికా మనోవైద్యులు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే జీవిత ఘటనల ఒత్తిడికి గరిష్ఠంగా వంద దాకా విలువలు కట్టిన జాబితాలో దంపతుల ఎడబాటుకు 65, నివాసం మారడానికి విడిగా 20 ఇచ్చారు. ఆ రెండు బరువులూ ఒకేసారి మీద పడే రోజుల్లో ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం వంటి నిర్ణయాలు తీసుకోకూడదు. అందుకే ఒప్పందంలో మళ్లీ మాట్లాడుకునే గడువు కూడా రాసుకోవాలి. మేము పిల్లల పరీక్షలు ముగిశాక అని రాసుకున్నాం. అప్పుడు కూర్చుని సెలవుల రోజులను కొత్తగా పంచుకున్నాం, ఇంటి అమ్మకం మాటను మాత్రం ఇంకా వాయిదాలోనే ఉంచాం.