ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో అసలు హీరో టైమే

ప్రిన్స్ ఆఫ్ పర్షియా వీడియో గేమ్ అనగానే అందరూ గోడల మీద పరుగులు, గెంతులు, కత్తియుద్ధాల గురించే చెప్తారు. నాకు మాత్రం ఈ సిరీస్ మొత్తం టైమ్ గురించే అనిపిస్తుంది. ఆడేవాడు చచ్చిపోతే ఏం చెయ్యాలి? దీనికి ప్రతిసారీ వేరే జవాబు వెతికింది కాబట్టే ఇన్నేళ్లు నిలబడింది.

1989లో జోర్డన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం చేసిన మొదటి ఆటలో ఆ జవాబు చాలా కఠినం. మొత్తం ఆటకి 60 నిమిషాలే. చస్తే లెవెల్ మొదటికి వెళ్లాలి, పోయిన నిమిషాలు మాత్రం తిరిగి రావు. తన తమ్ముడు పరిగెడుతుంటే, గెంతుతుంటే వీడియో తీసి, ఆ ఫ్రేముల మీదే బొమ్మలు గీశాడు కాబట్టి ప్రిన్స్ ఒంట్లో బరువున్న మనిషిలా కదులుతాడు. ఇంకో శత్రువు బొమ్మకి మెమరీ చాలక, ప్రిన్స్ బొమ్మనే కాస్త మార్చి నీడమనిషిని పుట్టించాడు. అద్దంలోకి దూకినప్పుడు విడిపోయే ఆ నీడని చివర్లో పొడిస్తే దెబ్బ మనకే తగులుతుంది, కత్తి దించి ఎదురెళ్తే ఇద్దరూ ఒకటైపోతారు. మెమరీ లేకపోవడం వల్ల ఇంత మంచి ఆలోచన వచ్చిందంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1993లో రెండో భాగం, 1999లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా త్రీడీ వచ్చాయి. త్రీడీ గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు.

2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ అనే గేమ్ కంపెనీ వాళ్ల సాండ్స్ ఆఫ్ టైమ్‌తో అంతా మారింది. పడిపోయావా, ప్రిన్స్ చేతిలోని మాయ బాకులో కాలపు ఇసుక ఉన్నంతసేపు టైమ్‌ని వెనక్కి తిప్పుకో! కథంతా ప్రిన్సే చెప్తుంటాడు కాబట్టి, మనం చస్తే అలా జరగలేదని తనే సర్దుకుంటాడు. విజయనగరంలో గంటస్తంభం దగ్గరి నెట్ సెంటర్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి ఆడేవాళ్లం. వెనక నుంచి మా బావ “ఒరే, వెనక్కి తిప్పరా” అని అరుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు కూడా లేచి చూసేవారు. 2004లో వారియర్ వితిన్ వచ్చింది. టైమ్‌తో ఆడుకున్నందుకు దహాకా అనే రాక్షసుడు వెంటపడి తరుముతుంటే వచ్చే టెన్షన్, అబ్బో, నేను వేరే ఏ ఆటలోనూ చూడలేదు.

2008 ఆటలో ప్రిన్స్‌కి తోడుగా వచ్చే ఎలీకా అనే అమ్మాయి, పడిపోయిన ప్రతిసారీ చెయ్యి పట్టి పైకి లాగేస్తుంది, చావే లేదని చాలామంది తిట్టారు. అది అన్యాయం అంటాను నేను. అన్నిసార్లు మనల్ని కాపాడిన మనిషి చివర్లో పోతే, ఆమెని బతికించడానికి ప్రిన్స్ అప్పటిదాకా చేసిందంతా చెడగొడతాడు. ఆ నిర్ణయం మనకి అర్థమయ్యేది అందుకే కదా.

2024లో వచ్చిన ది లాస్ట్ క్రౌన్ మళ్లీ పక్క నుంచి చూసే టూడీకి వెళ్లింది. హీరో సార్గాన్, ప్రిన్స్ కాదు, ఎత్తుకుపోయిన ప్రిన్స్‌ని వెతికేవాడు. కథ జరిగే కాఫ్ పర్వతం మీద కాలం అందరికీ ఒకేలా నడవదు. దారి మర్చిపోకుండా ఆ చోటు ఫొటో తీసి మ్యాప్ మీద అతికించుకోవచ్చు, ఇది మిగతా ఆటలన్నీ నేర్చుకోవాల్సిన పని. 2025లో ఫోన్లకి కూడా వచ్చింది, కాబట్టి కన్సోల్ లేదని ఆగకండి.