నేను తెరిచిన తాళం ఇప్పుడు లేదు

మొన్న రాత్రి పదకొండున్నరకి నా మెడెకో తాళం తెరుచుకుంది. నాలుగు నెలలుగా దానితో కుస్తీ పడుతున్నాను. అయితే ఈ పోస్టు ఆ సంతోషం గురించి కాదు, ఆ తర్వాత పావుగంటలో నేను చేసిన తెలివితక్కువ పని గురించి.

ముందు ఒక మాట. తాళాలు పిక్ చేస్తానంటే, అంటే చెవి లేకుండా పిక్ అనే సన్నటి పరికరంతో తెరుస్తానంటే, "దొంగతనం నేర్చుకుంటున్నావా" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఈ హాబీలో అందరూ గట్టిగా పట్టుకునే నియమాలు రెండు: నీది కాని తాళం జోలికి పోకూడదు, నీదే అయినా వాడుకలో ఉన్న తాళం మీద చెయ్యి వేయకూడదు. రెండోది ఎందుకంటే, లోపల పిక్ విరిగిందంటే సొంత ఇంటి గుమ్మం బయటే నిలబడాల్సి వస్తుంది. నాది ఏ తలుపుకీ బిగించని సిలిండర్, బల్ల అంచున వైస్‌లో (వస్తువుని కదలకుండా బిగించి పట్టుకునే పట్టులో) ఉంటుంది. తాళంచెవి లేకుండా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఈ చెవి లేదన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

మామూలు పిన్ తాళం సంగతి తేలికే. లినస్ యేల్ జూనియర్ 1861లో పేటెంట్ తీసుకున్న పద్ధతే చాలా తలుపుల్లో ఇప్పటికీ ఉంది. వరసగా ఐదారు పిన్నులు, ఒక్కోదాని నెత్తిన ఇంకో పిన్ను, ఆపైన స్ప్రింగ్. సరైన చెవి దూరితే ప్రతి జతా విడిపోయే చోటు కోర్ (చెవితో పాటు తిరిగే లోపలి భాగం) అంచుకి సరిగ్గా వస్తుంది, కోర్ తిరుగుతుంది. వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా రంధ్రాలన్నీ ఒకే గీత మీద ఎవరూ వేయలేరు కదా, అందుకని టెన్షన్ రెంచ్ అనే వంచిన చిన్న రేకుతో కోర్‌ని కొద్దిగా తిప్పి పట్టుకుంటే ఏదో ఒక పిన్ను మిగతావాటికంటే ముందు బిగుసుకుంటుంది. దాన్ని లేపితే చిన్నగా టిక్ మంటుంది, తర్వాత ఇంకొకటి బిగుసుకుంటుంది, అలా చివరిదాకా. కొంచెం మంచి తాళాల్లో స్పూల్ పిన్నులుంటాయి, దారపు రీలులాగా నడుము సన్నగా. వాటితో కోర్ కాస్త తిరిగి, ఇక అయిపోయిందనిపించి, అక్కడే ఆగిపోతుంది. అప్పుడు చెయ్యి వదులు చేసి కోర్‌ని వెనక్కి రానివ్వాలి. గెలిచానన్న క్షణంలో పట్టు సడలించడం మొదట్లో ఎవరికీ చేతకాదు, నాకైతే రెండు నెలలు పట్టింది.

మెడెకో దగ్గరికొచ్చేసరికి ఆట మారిపోతుంది. అమెరికాలో 1968లో మొదలైన కంపెనీ అది, వాళ్ళ ఆలోచన ఏమిటంటే పిన్ను సరైన ఎత్తుకి లేస్తే చాలదు, సరైన కోణానికి తిరగాలి కూడా. పిన్ను అడుగు ఉలి మొనలా ఉంటుంది, చెవి మీది గాట్లు ఏటవాలుగా ఉంటాయి, చెవి దూరగానే పిన్నులు ఆ గాట్లకి తగ్గట్టు ఎడమకో కుడికో 20 డిగ్రీలు తిరుగుతాయి, లేదా నిటారుగా ఉంటాయి. ప్రతి పిన్నుకీ పక్కన ఒక గాడి. ఆ గాడులన్నీ ఒకే వైపు చూసినప్పుడే కోర్ పక్కనున్న సైడ్‌బార్ అనే కడ్డీ కాళ్ళు వాటిలో దిగుతాయి, లేకపోతే ఎత్తులన్నీ కుదిరినా కోర్ కదలదు. ఎత్తులు పక్కనపెట్టినా, ఆరు పిన్నులకి మూడేసి కోణాల చొప్పున కూర్పులే 729. అన్నీ ప్రయత్నించనక్కర్లేదు, బిగుసుకున్న పిన్నే దారి చెబుతుంది, కానీ అది చెప్పేది ఎత్తు గురించా కోణం గురించా అన్నది తెలుసుకోవడానికే నా నాలుగు నెలల్లో మూడు నెలలు పోయాయి. (స్ప్రింగులే లేని ఆబ్లాయ్ డిస్కు తాళాలు ఇంకో లోకం. ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ 1907లో కనిపెట్టాడు. వాటి జోలికి నేనింకా పోలేదు.)

ఇక మొన్నటి సంగతి. నాలుగో పిన్ను కొంచెం కుడికి తిప్పానో లేదో, కోర్ మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా తిరిగిపోయింది. నేను కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది, కెమెరా ఆన్ చేయలేదని. తాళం తెరిచి, అదే వీడియోలో కట్ చేయకుండా విప్పి లోపలి పిన్నులు చూపిస్తేనే ఈ హాబీలో లెక్క. సరే, మళ్ళీ మూసి మళ్ళీ తెరిస్తే పోలేదా? అదే చేసి ఉండాల్సింది. నాకు మాత్రం లోపల ఏముందో చూడాలన్న ఆత్రం ఆగలేదు. కోర్ తీసేటప్పుడు దాని వెనకే ఫాలోవర్ తోయాలి, అంటే కోర్ అంత మందమున్న కడ్డీ, పై పిన్నులూ స్ప్రింగులూ ఊడిపడకుండా. నా ఫాలోవర్ ఉండాల్సినదానికంటే వెంట్రుకవాసి సన్నం. సగం దాకా బాగానే వచ్చింది, తర్వాత సైడ్‌బార్ వెనకుండే రెండు చిట్టి స్ప్రింగులు ఎగిరిపోయాయి, నేను ఉలిక్కిపడ్డాను, చెయ్యి తిరిగింది, ఆరు పిన్నులూ బల్ల మీద గింజల్లా దొర్లాయి.

స్ప్రింగులు రెండూ గంటన్నర వెతికితే దొరికాయి, ఒకటి చెప్పులో. పిన్నుల వరస మాత్రం పోయింది. చెవి ఉంటే ఒక్కో గాటు చూసి ఏది ఎక్కడిదో చెప్పేయొచ్చు. చెవి లేదు. ఆరు పిన్నుల్ని 720 రకాలుగా పేర్చొచ్చు, వాటిలో రెండు అచ్చంగా ఒకేలా ఉన్నాయి కాబట్టి 360. నేను తెరిచిన తాళం ఆ 360లో ఏదో ఒకటి.

1851లో లండన్‌లో హాబ్స్ అనే అమెరికన్ అక్కడి బ్రామా కంపెనీ తాళం తెరిచినప్పుడు కూడా ఇలాంటి గొడవే అయింది. ఆ తాళం 1790 నుంచి దుకాణం కిటికీలో కూర్చుని, తెరిచినవాళ్ళకి 200 గినియాలు (అప్పటి ఇంగ్లండ్ నాణేలు) ఇస్తానంటోంది. హాబ్స్‌కి 16 రోజుల వ్యవధిలో 51 గంటలు పట్టింది, తన పరికరాన్ని తాళం దగ్గరే బిగించి వదిలేసి మళ్ళీ వచ్చేవాడు. ఏ దొంగకి అంత తీరిక దొరుకుతుందని కంపెనీ వాదించింది, డబ్బు మాత్రం ఇవ్వక తప్పలేదు. అన్నేళ్ళుగా గొప్ప చెప్పుకున్న తాళం చెవి లేకుండా తెరుచుకున్నాక గంటలు లెక్కపెట్టి ఏం లాభం అనిపిస్తుంది నాకు. కానీ అతని పని చూసి తీర్పు చెప్పడానికి మధ్యవర్తులున్నారు. నా దగ్గర ఎవరూ లేరు. ఒక్కసారి తెరుచుకున్నది నా చేతి పనో, పిన్నులు అలా కలిసొచ్చాయో నాకే తెలియదు. మళ్ళీ తెరవగలిగితే తెలిసేది. ఆ అవకాశం నేనే చెడగొట్టుకున్నాను.

పిన్నుల్ని కళ్ళు మూసుకుని తోచిన వరసలో వేసి తాళం మళ్ళీ బిగించాను, ఏది ఎక్కడుందో నాకూ తెలియకూడదని. అంటే ఇప్పుడిది నాకు కొత్త తాళమే. నిన్న రెండు గంటలు కూర్చున్నాను. రెండోదీ ఐదోదీ ఎత్తు కుదిరాయి, ఒకటోది తిరగనంటోంది. కెమెరా ఆన్‌లోనే ఉంది. సరిగ్గా సరిపోయే ఫాలోవర్ ఒకటి చెక్కుతున్నాను, అది పూర్తయ్యేదాకా తెరుచుకున్నా విప్పను.