నౌరు ఓటుకు ధర కట్టే ముందు

2024 జనవరి 13న తైవాన్‌లో ఎన్నికలు జరిగాయి. రెండు రోజులు తిరక్కుండానే పసిఫిక్ సముద్రంలోని నౌరు అనే ద్వీపదేశం తైవాన్‌తో సంబంధాలు తెంచుకుని చైనా పక్కకి వెళ్లిపోయింది. తైవాన్ తనదేననే చైనా, ఇద్దరిలో ఒక్కరితోనే సంబంధం పెట్టుకోమంటుంది. ఆ వార్త విని మా బాబాయి, "ఏంట్రా అబ్బాయ్, మన అమలాపురం టౌన్లో నాలుగో వంతు జనం లేరు, వాళ్లకీ మన నూట నలభై కోట్లకీ ఐక్యరాజ్యసమితిలో ఒకటే ఓటా? పైగా దాన్ని అమ్ముకోవడమా?" అన్నాడు. ఈ మాట ఆయనొక్కడే కాదు, నాకు తెలిసిన చాలామంది అంటారు, చదువుకున్నవాళ్లు కూడా. అందుకే రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో తప్పు పట్టాల్సినవాళ్లని వదిలేసి దొరికినవాళ్లని పట్టుకుంటున్నామని నా గట్టి నమ్మకం.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో దేశం ఎంతదైనా ఒక్కటే ఓటు. నౌరు మొత్తం 21 చదరపు కిలోమీటర్లు, జనం పన్నెండు వేల చిల్లర. వాళ్ల నేలలో ఫాస్ఫేట్ ఉండేది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి దశాబ్దాల పాటు దాన్ని తవ్వి తమ పొలాలకి ఎరువుగా పట్టుకెళ్లాయి. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక నౌరు వాళ్లే తవ్వుకుని కొన్నాళ్లు బాగా బతికారు, తర్వాత ఆ డబ్బూ పోయింది, ద్వీపం లోపలి భూమిలో ఎక్కువ భాగం పంటకీ ఇంటికీ పనికిరాని రాళ్లగుట్టగా మిగిలింది. అలాంటి దేశం 2002లో చైనా వైపు, 2005లో మళ్లీ తైవాన్ వైపు, 2024లో తిరిగి చైనా వైపు మారింది. మధ్యలో 2009లో రష్యా అండతో జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియాలని దేశాలుగా గుర్తించింది, అందుకు రష్యాని సాయం అడిగిందని అప్పట్లో రష్యా పత్రికలే రాశాయి. ఇందులో నాకు నచ్చేదేమీ లేదు. కానీ భూమి పోయి, గని పోయి, చేతిలో ఆ ఒక్క ఓటు మిగిలినవాడిని పట్టుకుని నీతి చెప్పే ముందు, కొనడానికి వచ్చినవాళ్లు ఎవరో కూడా చూడాలి కదా.

మా మండలాల్లో ఎంపీపీ ఎన్నిక ముందు ఎంపీటీసీలని కార్లెక్కించి ఎక్కడో రిసార్టుకి తీసుకెళ్లి ఫోన్లు లాగేసుకుని ఎన్నిక రోజు పొద్దున్న తెచ్చి దించుతారు, ఆ క్యాంపులు గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసినవే. అమ్ముడుపోయాడని ఊరంతా ఆ ఎంపీటీసీనే తిడుతుంది, క్యాంపు పెట్టినవాడికి మాత్రం దండలు వేస్తుంది. అంతర్జాతీయ వేదికల మీదా అంతే.

డబ్బు ఇవ్వడం ఒక పద్ధతి, ఇచ్చేది ఆపేస్తామని బెదిరించడం ఇంకో పద్ధతి. 1990 నవంబరు 29న కువైట్‌ని ఆక్రమించిన ఇరాక్ మీద బలప్రయోగానికి అనుమతిచ్చే 678వ తీర్మానం మీద భద్రతా మండలిలో ఓటింగ్ జరిగితే క్యూబా, యెమెన్ వద్దన్నాయి. నువ్వు వేసినవాటిలో ఇదే అన్నిటికన్నా ఖరీదైన 'నో' ఓటు అని అమెరికా దౌత్యవేత్త ఒకరు యెమెన్ రాయబారి మొహం మీదే చెప్పారు. ఆ తర్వాత యెమెన్‌కి రావాల్సిన ఏడు కోట్ల డాలర్ల అమెరికా సాయం ఆగిపోయింది. ఆ గొడవలో యెమెన్ తీసుకున్న వైఖరికి కోపమొచ్చిన సౌదీ, వీసా నిబంధనలు మార్చేసరికి అదే ఏడాది లక్షల మంది యెమెనీ కూలీలు ఇంటిదారి పట్టారు. గల్ఫ్ డబ్బుతో గోడలు లేచిన ఇళ్లు కోనసీమలో ప్రతి ఊళ్లో ఉన్నాయి. అంతమంది ఒక్కసారి వెనక్కొస్తే ఊళ్లు ఏమవుతాయో మాకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఇదేదో ఒకటీ అరా సంఘటన కాదు. భద్రతా మండలిలో రెండేళ్ల సీటు దొరికిన దేశానికి అమెరికా సాయం సగటున 59 శాతం పెరుగుతోందని 2006లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి చూపించారు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది కరీబియన్ ద్వీపదేశం డొమినికా సంగతి. తిమింగలాల వేట మీద నిర్ణయాలు తీసుకునే అంతర్జాతీయ కమిషన్‌లో కూడా దేశానికి ఒకటే ఓటు. వేట కావాలనుకున్న జపాన్ కరీబియన్ ద్వీపాలకి చేపల రేవులూ శీతల గిడ్డంగులూ కట్టించి ఇచ్చేది. 2000లో దక్షిణ పసిఫిక్‌లో తిమింగలాలకి అభయారణ్యం పెడదామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు తటస్థంగా ఉందామని డొమినికా క్యాబినెట్ తేల్చింది, ఓటు మాత్రం జపాన్ పక్షాన పడింది. పర్యావరణ మంత్రి ఆథర్టన్ మార్టిన్ రాజీనామా చేసి బయటికొచ్చేశారు. నాకు తప్పు ఇక్కడ కనిపిస్తుంది. సాయం తీసుకోవడం కాదు, ఏ ఓటుకి ఏం తీసుకున్నారో సొంత జనానికి తెలియకపోవడం, సొంత క్యాబినెట్ మాటకే విలువ లేకపోవడం.

మనం కూడా ఓట్లు అడుగుతాం. 2014 నవంబరులో ఫిజీలో 14 పసిఫిక్ దేశాలతో సమావేశం పెట్టి ఒక్కో దేశానికి ఏటా ఇచ్చే గ్రాంటుని లక్షా పాతిక వేల డాలర్ల నుంచి రెండు లక్షలకి పెంచాం. 2017లో అంతర్జాతీయ న్యాయస్థానం సీటుకి మన అభ్యర్థి దల్వీర్ భండారీ గారు, బ్రిటన్ అభ్యర్థి తప్పుకున్నాక, సర్వసభ్య సభలో 193కి 183 ఓట్లతో నెగ్గారు. సంతోషించాను. ఆ 183లో ఈ బుల్లి దేశాలు కూడా ఉన్నాయని అప్పుడెవరూ ఎగతాళి చెయ్యలేదు.

ఇప్పుడు పసిఫిక్‌లోనే ఉన్న ఇంకో ద్వీపదేశం వనువాటు గురించి చెప్పాలి, బాబాయికి నేను చెప్పిందీ ఇదే. మూడు లక్షల చిల్లర జనం. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే పిల్లలు, వాతావరణ మార్పు మీద దేశాలకి చట్టబద్ధమైన బాధ్యత ఉందో లేదో హేగ్‌లోని ఆ అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడుగుదామన్నారు. వనువాటు దాన్ని భుజానికెత్తుకుని దేశదేశానికీ తిరిగింది. డబ్బు పంచే స్తోమత దానికి లేదు, చెప్పి ఒప్పించడమే. 2023 మార్చి 29న సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానం ఆమోదించింది, 130కి పైగా దేశాలు సహ ప్రతిపాదకులుగా చేరాయి. 2025 జులై 23న కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది: వాతావరణానికి హాని జరగకుండా చూడాల్సిన బాధ్యత దేశాలకి ఉంది, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లొచ్చు అని.

ఆ సహ ప్రతిపాదకుల్లో మన దేశం లేదు. హేగ్‌లో వాదనలప్పుడు కూడా ఇప్పుడున్న ఒప్పందాలని దాటి కొత్త బాధ్యతలు పెట్టొద్దని మనవాళ్లు చెప్పారు. ధనిక దేశాలే ఎక్కువ మొయ్యాలన్న మన వాదన న్యాయమైనదే, దాన్ని నేను కాదనను. కానీ ఉప్పాడలో ఇళ్లూ రోడ్డూ కోసుకుపోతున్నాయి, పైన డ్యాములు ఒండ్రుని ఆపేస్తే డెల్టా కుంగుతోంది, అంతర్వేది దగ్గర సముద్రం ముందుకొస్తోంది. ఈ తీరం గోడు హేగ్‌లో వినిపించింది ఎక్కువగా వనువాటు గొంతులోనే.

కాబట్టి మా ఎంపీ గారు ఈసారి ఊరికొచ్చినప్పుడు రోడ్డు గురించి, కాలువ పూడిక గురించి అడిగాక ఇంకొకటి కూడా అడుగుతాను: మన తరఫున ఆ కోర్టులో ఏం చెప్పాలో నిర్ణయించేటప్పుడు ఉప్పాడనీ అంతర్వేదినీ ఎవరైనా లెక్కలోకి తీసుకున్నారా, తీసుకుంటే ఆ కాగితం పార్లమెంటులో పెట్టించగలరా అని.