గుడ్ల ట్రే లెక్కన హవానా

నవంబరు 2024, మంగళవారం.

క్యూబా రాజధాని హవానాలో పొద్దున రేషన్ రొట్టె కోసం జనం చేరారు. లిబ్రెటా అనే రేషన్ పుస్తకం 1962 నుంచీ ఉంది. దాని మీద మనిషికి రోజుకో చిన్న రొట్టె. మొన్న సెప్టెంబరులో పిండి చాలక ఆ రొట్టెను 80 గ్రాముల నుంచి 60కి తగ్గించారు. ఇక్కడి క్యూలో బారులు తీరి నిలబడరు. వచ్చినవాళ్లు "ఉల్తిమో?" అని కేకేసి ఆఖరున ఎవరున్నారో కనుక్కుంటారు. చెయ్యెత్తినావిడను గుర్తుపెట్టుకుంటే చాలదు, ఆవిడ ముందు ఎవరో కూడా అడగాలి. ఆవిడ విసిగి వెళ్లిపోతే మన వంతు గల్లంతే. అది తేలాక ఏ నీడనైనా కూర్చోవచ్చు.

ఈ ఊళ్లో ఆదాయాన్ని గుడ్ల ట్రేలతో కొలవడమే తేలిక. 30 గుడ్ల ట్రే 3,000 పెసోలు (పెసో ఇక్కడి కరెన్సీ) దాటింది. కనీస వేతనం 2021 నుంచీ నెలకు 2,100 పెసోలే. ఆ ఏడాది జనవరిలో దేశంలో వాడుకలో ఉన్న రెండు రకాల పెసోలను ఒకటి చేసి డాలరుకు 24 పెసోలని కట్టారు. ఇప్పుడు బ్యాంకులో 120, వీధిలో 300 పైచిలుకు. ఉద్యోగం ఉన్నవాళ్లూ సాయంత్రానికి ఇంకో పని వెతుక్కునేది అందుకే.

సముద్రం ఒడ్డునున్న మలెకోన్ గోడ దగ్గర ఇవాళ చేపల వేట లేదు. పడవ లేనివాళ్లు ఊదిన కండోములు నాలుగైదు గాలానికి కట్టి వదులుతారు. గాలి వాటిని అలలు దాటించి లోతుకు తీసుకెళ్తుంది. అయితే గాలి నేల వైపు నుంచి వీయాలి. ఇవాళ్టిలా సముద్రం మీంచి ఉత్తరపు గాలి మొదలైతే గాలం తిరిగొచ్చి గోడకే కొట్టుకుంటుంది.

కరెంటు కోత బ్లాకుల వారీగా. 2005-06 ప్రాంతంలో ప్రభుత్వమే ఇంటింటికీ కరెంటు కుక్కర్లు, హాట్ ప్లేట్లు ఇచ్చింది. పైపు గ్యాస్ లేని పేటల్లో కరెంటు పోయిందంటే వంట ఆగినట్టే. నీళ్ల సంగతి ఇంకా ఘోరం. సంపులో నీళ్లున్నా మోటారు తిరగకపోతే పైట్యాంకు ఎండుతుంది. లోపలి నీళ్లు కిందికి దిగిపోయి ఖాళీ అయిన మోటారును కరెంటు రాగానే వేస్తే ముందు సీలు పోతుంది, చూసుకోకపోతే వైండింగూ కాలుతుంది. మోటార్లు చుట్టేవాళ్లకు పని తగ్గకపోవడంలో వింత లేదు.

నాకు ముచ్చటేసే పని మాత్రం లైటర్లు నింపేవాళ్లది. వాడి పారేయడానికి చేసిన ప్లాస్టిక్ లైటరుకు అడుగున సన్నటి రంధ్రం చేసి చిన్న వాల్వు బిగిస్తారు. గ్యాస్ డబ్బాను తలకిందులుగా పట్టి ఎక్కించాలి, నిటారుగా పడితే ద్రవం రాదు, ఆవిరే వస్తుంది. అంచుదాకా నింపకూడదు, ఐదో వంతు ఖాళీ ఉంచాలి. ఈ ఎండకు లోపలి ద్రవం వ్యాకోచిస్తే అతుకు దగ్గర కారుతుంది, ఖర్మ కాలితే పగులుతుంది. అనుమానమొస్తే నీళ్లలో ముంచి బుడగలు చూడాలి. గ్యాస్ ఉన్నా వెలగకపోతే చక్రం కింద నిప్పురవ్వ పుట్టించే రాయి అరిగిందన్నమాట. కొత్త రాయి వేసి, వంగిన స్ప్రింగు సరిచేస్తే మళ్లీ నిప్పు. 2010లో ప్రభుత్వం సొంత పనికి అనుమతించిన 178 వృత్తుల్లో ఇదీ ఒకటి.