మందుల పెట్టె కోసం వెళ్లిన ఓడ

నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం ఓడదొంగల బొమ్మల పుస్తకం ఒకటి గీస్తున్నాను. సంగతి తెలిసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: చిన్నపిల్లలకు దొంగల కథలేంటి? నేను చూసినంతలో ఆ వయసు పిల్లలకు దొంగతనం మీద ధ్యాసే ఉండదు. పెద్దవాళ్ల పెత్తనం లేని ఓడ, ఒక పటం, తెరవాల్సిన ఒక పెట్టె ఉంటే చాలు. ఆ పెట్టె గురించే నాకు పట్టుదల.

మనం చూసే పుస్తకాల్లో దాదాపు అన్నిట్లోనూ పెట్టె నిండా బంగారు నాణేలే. నిజం ఓడదొంగలు బట్ట, చక్కెర, తాళ్లు, తెరచాపలు, తిండి సరుకులు ఏవి దొరికినా ఎత్తుకెళ్లేవాళ్లు. ఓడ నడవాలంటే అవే కావాలి. బ్లాక్‌బియర్డ్‌గా పేరుపడ్డ ఎడ్వర్డ్ టీచ్ 1718లో అమెరికాలోని చార్లెస్టన్ రేవును దిగ్బంధం చేసి, ఓడల్లో ఉన్నవాళ్లను పట్టుకుని, వాళ్లను వదలడానికి అడిగింది ఒక మందుల పెట్టె! అది చదివాక నా కథ కుదిరిపోయింది. నా ఓడలో అందరికీ జ్వరం. కెప్టెన్‌కి తప్ప. కెప్టెన్ రెండు జడల అమ్మాయి. ఆడపిల్ల ఓడదొంగేంటి అనేవాళ్లకు చెప్పేదొకటే, ఆన్ బోనీ, మేరీ రీడ్ అనే ఇద్దరు ఆడ ఓడదొంగల మీద 1720లో జమైకాలో విచారణే జరిగింది.

బొమ్మల పుస్తకం మామూలుగా 32 పేజీలు. పెద్ద షీటు మడిస్తే 16 పేజీలు, అలాంటివి రెండు. చోటు తక్కువ కాబట్టి పేజీ ఎక్కడ తిప్పించాలన్నదే అసలు పని. నా పెట్టె మూత కుడివైపు పేజీలో కొంచెమే లేచి ఉంటుంది. లోపల ఏముందో తిప్పితేనే తెలుస్తుంది. మా వీధి పిల్లలకు డమ్మీ, అంటే అచ్చుకు ముందు చేసుకున్న నమూనా పుస్తకం, చూపిస్తూ అక్కడ ఆపి, "ఏముంటుందిరా లోపల?" అన్నాను. బంగారం అన్నవాళ్లు ఒక్కరూ లేరు. "వజ్రాలు!" అని అరిచారంతా. మన కర్నూలు పిల్లలు కదా, తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతకడం వినీ వినీ పెరిగినవాళ్లు. పేజీ తిప్పితే సీసాలు, పొట్లాలు, కట్టుగుడ్డలు. ఒక పాప మాత్రం "జొరం మందు ఏదక్కా?" అంటూ ఒక్కో సీసా మీద వేలు పెట్టి వెతికింది. ఆ పాప కోసం ఒక సీసాకు ఎర్ర బిరడా పెట్టాను. వెతికితే దొరకాలి కదా.

పిల్లలు ఎక్కువసేపు ఆగింది నీళ్ల పీపాల దగ్గర. "సుట్టూ సముద్రంలో ఇన్ని నీళ్లు పెట్టుకోని గ్లాసుతో కొలుస్తాండాదేందక్కా?" అన్నాడొకడు. "అవి ఉప్పునీళ్లు రా, మన బోరు నీళ్లట్ల" అని పక్కవాడే చెప్పేశాడు. ట్యాంకరు వస్తుందంటే బిందెలు వరుసగా పెట్టే ఇళ్ల పిల్లలకు నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. అప్పటి ఓడల్లో మంచినీళ్లు చెక్క పీపాల్లోనే, రోజులు గడిచేకొద్దీ పాకుడు పట్టి వాసన వచ్చేవి. నా బొమ్మల్లో ఖాళీ అయిన పీపా బోర్లించి ఉంటుంది. పేజీ పేజీకీ బోర్లించినవి పెరుగుతాయి. ఆ సంగతి అక్షరాల్లో ఎక్కడా రాయలేదు. చదివి వినిపించే అమ్మానాన్నల కళ్లు అక్షరాల మీద ఉంటాయి, పిల్లల కళ్లు పీపాల మీద ఉంటాయి. ముందు పిల్లలే కనిపెట్టాలి. అక్షరం చెప్పిందే బొమ్మ మళ్లీ చెబితే ఆ బొమ్మ దండగ.

రంగు సంగతి కూడా వాళ్ల దగ్గరే తేలింది. గీతల బొమ్మ జిరాక్స్ తీసి ఇస్తే ఒకడు సముద్రమంతా జేగురు రంగు వేశాడు. కొత్తనీరు వచ్చిన తుంగభద్ర రంగు అది. నా మొదటి బొమ్మలో ఓడ బయల్దేరేది నది సముద్రంలో కలిసేచోటే. అక్కడ అదే రంగు ఉంచాను. నీలం తర్వాత మెల్లగా వస్తుంది.

చివరి పేజీలో అందరికీ జ్వరం తగ్గి, మందులైపోయి, పెట్టె ఖాళీగా ఉంటుంది. లోపల ఏం పెట్టాలో పిల్లలే గీసుకోవాలి. నున్నటి ఆర్ట్ పేపర్ మీద క్రేయాన్ జారిపోతుంది, అందుకని పుస్తకమంతా మెరుపు లేని మ్యాప్‌లితో కాగితం మీదే వేయమని ప్రెస్ ఆయనకు చెప్పాను. "రంగులు కొంచెం డల్ అవుతాయి మేడమ్" అన్నాడు. అయినా పర్వాలేదన్నాను.