ఆశా అక్క మా ఇంటికి రావడానికి పదకొండు రోజులు పట్టింది

కాన్పు హైదరాబాద్‌లో పేట్లబుర్జు సర్కారు ప్రసూతి దవాఖానలో అయింది. ఆడపిల్ల, 2.6 కిలోలు. అక్కడ నాకేం ఇబ్బంది కాలేదు. డిశ్చార్జి రోజు సిస్టరమ్మ చెప్పింది: "మూడో రోజు నుంచి ఆశా వర్కర్ ఇంటికే వచ్చి పాపను చూస్తుంది. 42 రోజుల్లో ఆరుసార్లు." మాకు ఇదే మొదటి బిడ్డ. మా అమ్మ లేదు. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది.

మూడో రోజు ఎవరూ రాలేదు. ఏడో రోజూ రాలేదు. పాప రాత్రంతా ఏడుపు. పాలు సరిపోతున్నాయో లేదో తెలియదు. పట్టినప్పుడల్లా నాకు ప్రాణం పోయేంత నొప్పి.

ఎనిమిదో రోజు పాపను ఎత్తుకుని, మా ఆయన్ని వెంటపెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పోయాను. కుట్లు ఇంకా మానలేదు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ ఖాళీ లేదు. గంట సేపు లైన్లో నిలబడితే కౌంటర్ దగ్గరి ఆయన నా ఆధార్ తిప్పి చూసి, "వనపర్తి అని ఉంది కదా, అక్కడికే పోండి" అన్నాడు. కిరాయికి ఇక్కడే ఉంటున్నామన్నాను. "అయితే ఓనర్ దగ్గర కాగితం తెండి." మా ఓనరమ్మ కరెంటు బిల్లు కూడా మా చేతికివ్వదు, కాగితం రాసిస్తుందా! అదే చెప్పి, నర్సుని ఒక్కసారి పంపించండి సార్ అని అడిగాను. ఆయన లైనంతా వినేలా, "ఇంటికొచ్చి చూడటానికి మీరేమైనా వీఐపీలా?" అన్నాడు. వెనక ఇద్దరు నవ్వారు. వాళ్లలో ఒకామె చంకలో కూడా పసిబిడ్డే ఉంది! అదే సమయానికి పాప ఏడ్చింది, నాకు పాలు కారి జాకెట్ తడిసిపోయింది. కొంగు కప్పుకుందామంటే చేతిలో పాప, కవర్లో కాగితాలు. మా ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ కౌంటర్ మనిషి మీద కంటే మా ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

నేను ఇంటర్ దాకా చదివాను. టీకాల కార్డుతో సహా ప్రతి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నదాన్ని. అయినా ఏడుస్తూ బయటికొచ్చాను.

ఆ రోజు బుధవారం, టీకాల రోజు. పక్క గదిలో టీకాలేస్తున్న ఏఎన్ఎం మేడం నన్ను చూసి పిలిచింది. ఆధార్ అడగలేదు. "ఏ గల్లీ? మసీదుకు ముందా, వెనకా?" అని రెండు మాటలు అడిగి డైరీలో రాసుకుంది. అంతే. మూడు నిమిషాల పని.

పదకొండో రోజు సాయంత్రం ఆశా అక్క వచ్చింది. కడుపుతో ఉండగా ఏడో నెలలో మేం గది మారాం, నా పేరు మేం ముందున్న బస్తీ ఆశా రిజిస్టర్లోనే ఉండిపోయిందట. ఆమె ముందు సబ్బుతో చేతులు కడుక్కుంది. పాపను గుడ్డ ఉయ్యాలలో వేసి త్రాసుకు తగిలించింది. 2.5! నాకు గుండె జారింది. మొదటి రోజుల్లో పిల్లలు పదో వంతు దాకా తగ్గుతారని, రెండు వారాలకు మళ్లీ పుంజుకుంటారని చెప్పింది. నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టింది. 60 గానీ, అంతకు మించి గానీ ఉంటే వెంటనే దవాఖానకు తీసుకుపోవాలట. అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయేమో చూసింది. తర్వాత తన ముందే పాలు పట్టమంది. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా పాప నోట్లోకి పోవాలని పట్టి చూపించింది. పదకొండు రోజుల నొప్పి ఆ పూటే సగానికి తగ్గింది.

ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా పట్టొద్దని ఆమె చెబుతుంటే మా అత్తమ్మ గ్రైప్ వాటర్ సీసాను బియ్యం డబ్బా వెనక్కి నెట్టింది. తేనె నాకించడం మాత్రం నేను మొదటి రోజే ఆపేశాను, ఆ విషయం అక్కకు రెండుసార్లు చెప్పాను కూడా.

ఒక బిడ్డకు ఇన్నిసార్లు తిరిగితే ఆశాకు వచ్చేది 250 రూపాయలట. కౌంటర్లో ఫ్యాను కింద కూర్చున్న ఆయనకేమో నెల జీతం.

గది మారేవాళ్లు పాత ఆశా అక్కకు చెప్పి, కొత్త ఆశా నంబరు తీసుకుని మారండి. కౌంటర్ దగ్గరికి పోకండి, బుధవారం గానీ శనివారం గానీ నేరుగా టీకాల గదికి పోండి. మొగుణ్ని కాదు, గొంతున్న అత్తను తీసుకుపోండి.

పద్నాలుగో రోజు, అంటే నిన్న, అక్క మళ్లీ వచ్చింది. పాప 2.6కి చేరింది. ఆమె మెట్లు దిగుతుంటే ఓనరమ్మ ఎదురొచ్చి, వాళ్ల కోడలికి ఐదో నెలట, ఆ అక్క నంబరు కావాలని నన్నడిగింది. ఇచ్చాను. పాపకు పాలు పట్టి, పడుకోబెట్టి, అన్నం తిని, అప్పుడు ఇచ్చాను.