మెష్ వెయ్యాలా, కుట్లు చాలా?

పుల్ల త్రేన్పులు, కిందికి వంగితే గొంతులోకి ఎగదన్నే మంట నాకు ఏళ్లుగా అలవాటే. అందుకే ఎండోస్కోపీ రిపోర్టులో 'హయాటల్ హెర్నియా' (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరంలోని రంధ్రం వదులై జీర్ణాశయం పైకి జారడం) అని చూసినా పెద్దగా బెదరలేదు. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే మాత్రం జీర్ణాశయంలో మూడో వంతు ఛాతీలోకి ఎక్కి కూర్చుంది. ఆపరేషన్ తప్పదన్నారు.

అసలు టెన్షన్ మెష్ దగ్గర, అంటే ఆ రంధ్రాన్ని కుట్టాక బలానికి పైన వేసే వల ముక్క దగ్గర, మొదలైంది. మొదటి సర్జన్ గారు "మెష్ వేసేద్దాం, మళ్లీ రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. రెండో ఆయన సొరుగులోంచి రెండు ముక్కలు తీసి నా చేతిలో పెట్టారు. కరగని ప్లాస్టిక్ అయిన పాలీప్రొపిలీన్‌ది దోమతెరలా ఉంది, మడిస్తే అంచు వేలికి గరగరా తగిలింది. రెండోది ఒంట్లో మెల్లగా కరిగిపోయే రకం, మెత్తగా ఉంది.

"గజ్జల్లో హెర్నియాకి మొదటిది మంచిదే. ఇక్కడ పక్కనే అన్నవాహిక ఉంది. ముద్ద మింగినా, ఊపిరి తీసినా కదులుతూనే ఉంటుంది. ఈ అంచు ఒరుసుకుని లోపలికి దిగితే, ఒక్కోసారి అన్నవాహికలో కొంత కోసి తీసెయ్యాల్సి వస్తుంది. అరుదే అనుకోండి" అన్నారు. ఆ 'అరుదే' నా చెవికెక్కలేదు. ఆ రాత్రి నిద్ర లేదు.

పోనీ కరిగేదే వేయించుకుందామంటే అక్కడా మెలికే. పంది పేగు పొరతో చేసిన మెష్ మీద అమెరికాలో ఒక ట్రయల్ జరిగింది. 2006లో వచ్చిన ఫలితాల్లో, ఆరు నెలలకు హెర్నియా తిరగబెట్టింది మెష్ వేసినవాళ్లలో 9 శాతం మందికి, ఉత్త కుట్లు వేసినవాళ్లలో 24 శాతం మందికి. ఇంకేం అనుకున్నాను. వాళ్లనే దాదాపు ఐదేళ్ల తర్వాత చూస్తే 54, 59. తేడా ఏదీ? పైగా తిరగబెట్టినా చాలామందికి ఎక్స్‌రేలో కనబడడమే తప్ప బాధ లేదు, మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లింది కొద్దిమందే.

చివరికి రెండో సర్జన్ గారూ నేనూ ఒక మాట అనుకున్నాం. డయాఫ్రమ్ అంచులు లాగుడు లేకుండా కలిస్తే కుట్లతో సరి, కలవకపోతే కరిగే మెష్. కరగనిది వద్దు. ఆ మాట కన్సెంట్ ఫారంలో రాయించాకే సంతకం పెట్టాను.

మత్తు వదిలేసరికి గొంతు పెగల్లేదు. రెండు చేతుల వేళ్లూ వలలా అల్లి చూపించాను. డాక్టర్ గారు నవ్వి, తల అడ్డంగా ఊపారు. "కండ గట్టిగానే ఉంది. కుట్లే."